గోటికి తగలని గీత

కిరసనాయిలు వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. ఈ ఉదయం నాగాయలంకలో మా పెరట్లో, రేకుల పంచ కింద, పడవ ఇంజను మళ్ళీ విప్పాం. పైమూతలా ఉండే హెడ్ తీసి పక్కన పెట్టాం, పిస్టన్ బయటికి లాగాం. ఇక మిగిలింది బోరు, అంటే పిస్టన్ ఆడే ఆ ఇనుప గొట్టం లోపలి గోడ. దాని మీద గీతలేమైనా పడ్డాయేమో గోటితో చూసి చెప్పడం మా ఇంట్లో నా పని. మా ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, "మస్తాన్ గారిలా వదిలెయ్యకు, సరిగ్గా చూడు" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఇంజను విప్పిన ప్రతిసారీ నవ్వుతూ అనే మాటే అది. విన్న ప్రతిసారీ నేను తలెత్తకుండా బోరు తుడుస్తూ ఉంటాను.

మస్తాన్ గారిని మీరు చూసి ఉండరు. బందరులో నలభై ఏళ్ళు పడవ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. భార్య పోయాక మా పక్కింట్లో ఉండే కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చినా పని మానలేదు, ఊళ్ళో ఇంజన్లన్నీ ఆయన వాకిట్లోకే వచ్చేవి. మనిషి సన్నగా ఉండేవారు గాని కోపం మాత్రం ఇంటి చూరు అంటుకునేంత. స్పానరు మట్టిలో పెడితే తిట్టేవారు, ఇసుక కాళ్ళతో ఇంజను దగ్గరికి వస్తే తిట్టేవారు. పెడనలో మగ్గాల దగ్గర మిగిలే తెల్ల నూలు పీలికలు సంచినిండా తెప్పించుకుని, బోరు తుడవడానికి అవే వాడేవారు. "రంగు గుడ్డతో తుడిస్తే మురికి పోయిందో లేదో నీకేం తెలుస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేసేవారు.

ఒకరోజు గోడ మీంచి నన్ను కేకేశారు.

"అమ్మాయ్, చేతులు కడుక్కుని ఒకసారి ఇలా రా."

వెళ్తే బోరు చూపించారు. "వేలు లోపల పెట్టి, గోరు ఆనించి, గోడ చుట్టూ మెల్లగా తిప్పు. ఎక్కడన్నా ఆగితే చెప్పు."

"నాకేం తెలుసు బాబాయ్?"

"తెలియక్కర్లేదు. ఆగిందా లేదా, అంతే."

రెండు చోట్ల ఆగింది. చెప్పాను. ఆయన తలూపి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించారు. "షుగరు వచ్చి నా వేళ్ళు మొద్దుబారిపోయాయమ్మా. నిప్పు తగిలినా తెలియట్లేదు. ఈ సంగతి బయటపడితే నా వాకిట్లోకి ఒక్క ఇంజను రాదు." ఆ రోజు నుంచి నా గోరే ఆయన గోరు. మగవాళ్ళు సంతకం పెట్టమంటే పెట్టడమే తప్ప ఏ విషయంలోనూ నా మాట అడిగిన వాళ్ళు లేని జీవితం నాది. ఆయన అడిగారు. ఆ గర్వం నాకు బాగానే ఎక్కింది.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తుడిచి, పూర్తిగా ఆరాక గోరు పెట్టాలి. ఆ తర్వాతే నూనె. మా వైపు ఇది చెప్పినంత తేలిక కాదు. ఉప్పుగాలికి ఇనుము అన్నం తిని లేచేలోగా ఎర్రబడుతుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్ళకి కత్తిపీట కడిగినా, తాళంకప్ప తుడిచినా వెంటనే ఇంత నూనె రాయడం అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది.

పన్నెండేళ్ళ కిందట, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అల కొట్టి మా పడవ ఇంజను ఉప్పునీళ్ళు తాగింది. మా పెరట్లోనే విప్పాం. మర్నాడు శుక్రవారం. మస్తాన్ గారు నమాజుకి వెళ్తూ, నాకు మాత్రమే వినపడేలా, "బోరు చూసి ఉంచు. బాగుంటే నేనే చూశానని చెప్పు, వెంకన్న హెడ్ బిగించేస్తాడు" అన్నారు. వెంకన్న అంటే మా ఆయనే. కిరసనాయిలుతో కడిగాను, తుడిచాను. దక్షిణపు గాలి జోరుగా వీస్తోంది. తుప్పు పడుతుందేమోనని గబగబా నూనె పూసేశాను. పూశాక గోరు పెట్టాను. నున్నగా జారిపోయింది. "బోరు బాబాయ్ చూశారు, బాగుందట, బిగించండి" అన్నాను.

మస్తాన్ గారు తిరిగి వచ్చేసరికి ఆఖరి బోల్టు బిగుస్తోంది. నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"తుడిచి చూశావా, నూనె పూసి చూశావా?"

నూనె గీతని కప్పేస్తుందని నాకు తెలుసు. మళ్ళీ విప్పితే హెడ్ కింద వేసే గాస్కెట్టు పాడవుతుంది, కొత్తదాని కోసం అవనిగడ్డ వెళ్ళాలి. ఇంజను మోయడానికి వచ్చిన మా మరిది, ఇంకొకతను ఆడదానికి ఇంజను దగ్గరేం పని అన్నట్టు అప్పటికే నా వంక చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. ఆ నవ్వుకి భయపడ్డాను.

"తుడిచే చూశాను బాబాయ్."

"అయితే సరే" అన్నారు. ఇంకో మాట అడగలేదు.

మర్నాడు తెల్లవారగానే మా ఆయన, మరిది, ఆ ఇంకొకతను ముగ్గురూ వేటకి వెళ్ళారు. మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. ఫోన్లు కలవలేదు. గాలి పెరిగింది, ఏటినీళ్ళు నల్లబడ్డాయి. నేను రేవులో నిలబడి ప్రతి పడవనీ మాదే అనుకున్నాను. ఒక్కటీ మాది కాదు. మస్తాన్ గారు కర్ర పట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఆగలేక చెప్పేశాను. ఆయన కర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"నాతో ఎన్నిసార్లు అబద్ధం ఆడావు?"

"ఇదొక్కసారే బాబాయ్."

"ఒక్కసారి చాలు కదమ్మా."

తర్వాత ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. నేను దేవుణ్ణి అడగడానికి కూడా సిగ్గుపడ్డాను. ఏమని అడుగుతాను, నేనే పంపించి?

పొద్దు వాలే వేళకి ఇంకో పడవ మా పడవని కట్టి లాక్కొచ్చింది. ముగ్గురూ ఉన్నారు. లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, బురదలో కూలబడ్డాను. నడిసముద్రంలో పిస్టన్ బోరులో బిగుసుకుపోయి ఇంజను పట్టేసిందట. అలలకి కొట్టుకుపోతూ, బరువు తగ్గించడానికి వలలు కూడా వదిలేసుకున్నారు. మా ఆయన ఒడ్డు ఎక్కగానే అడిగిన మొదటి మాట: "అసలు బోరు మీరే చూశారా మస్తాన్ గారూ?"

నేను నోరు తెరిచాను. మస్తాన్ గారు నాకంటే ముందు అన్నారు.

"నేనే చూశాను వెంకన్నా. నా వేళ్ళకి స్పర్శ పోయి చాలా కాలమైంది. దాచాను. తప్పు నాది."

రేవులో అందరూ విన్నారు. ఆ తర్వాత ఆయన వాకిట్లోకి ఒక్క ఇంజను రాలేదు.

రెండు రోజులకి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎందుకలా చేశారని ఏడ్చాను. ఆయన పీలికల సంచి నా ఒళ్ళో పెట్టారు. "నీ పేరు చెబితే నిన్నింక ఇంజను దగ్గరికి రానివ్వరు. నా వేలు ఎటూ పోయింది. నీదన్నా ఉండాలి కదా." తర్వాత తన మామూలు కోపంతోనే అన్నారు, "ఏడుపు ఆపి చేతులు కడుక్కో."

ఆయన పోయి నాలుగేళ్ళయింది. నిజం చెబితే మా ఆయన నన్నెలా చూస్తాడో అన్న భయంతో ఇన్నేళ్ళూ ఆ వేళాకోళాన్ని వింటూ ఊరుకున్నాను. ఊళ్ళో ఇప్పుడు నలుగురు నా గోరు సరేనంటేనే ఇంజను బిగిస్తారు. ప్రతిసారీ ఆ రోజు రేవు గుర్తొస్తుంది. ఆ గుర్తు చెరిగిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

ఈ ఉదయం మాత్రం వేలు బయటికి తీసి, మా ఆయన ముఖంలోకి చూశాను.

"ఆ రోజు బోరు చూసింది ఆయన కాదు. నేను. నూనె పూసి చూశాను, తుడిచే చూశానని ఆయనతో అబద్ధం చెప్పాను."

మా ఆయన చేతిలోని స్పానరు గుడ్డ మీద పెట్టాడు. ఏటి వైపు చూశాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"మరి ఇప్పుడు తుడిచావా?"

"తుడిచాను" అన్నాను. అని, కొత్త పీలిక తీసుకుని మళ్ళీ తుడిచాను.