ట్రయల్ ఫొటోలో నిలబడ్డ మనిషి

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, తాండూరు నుంచి పెద్దేముల్ బడికి పోయే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. స్టూడియో కాకా కూతురు, వికారాబాద్ ఆస్పత్రి నుంచి. “అక్కా, నాన్న పోయిండు” అంది. నేను నోరు తెరిచేలోపే ఏడుపు దిగమింగుకుని, “నీ దగ్గర నాన్నది మంచి ఫొటో ఉంటది గదా? పదో దినానికి ఫ్రేము కట్టియ్యాలె” అంది.

“ఉంటది చెల్లే, సూస్త” అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ గుర్తు రాలేదు. మిగతావాళ్ళందరూ కలిసి తీసినదానికంటే ఎక్కువసార్లు ఆయన్ని ఫొటో తీసింది నేనే. ఆ ఫొటోలన్నీ చెరిపేసింది కూడా నేనే. అదెట్లా జరిగిందో చెబితే తప్ప ఆయన ఎట్లాంటి మనిషో మీకు తెలియదు.

నాది ముందునుంచీ భయం స్వభావం. తాళం వేసి మూడుసార్లు గుంజి చూస్తాను, నాలుగోసారి వీధి చివరి నుంచి వెనక్కి వస్తాను. మా బిడ్డ హాస్టల్‌కు పోయాక ఇంట్లో మనసు నిలవక ఒక పాత కెమెరా కొనుక్కున్నాను. భయస్తుల చేతికి కెమెరా దొరికితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. ఒక మేకకు నలభై ఫొటోలు తీసేదాన్ని. ఇంటికొచ్చి ముప్పై తొమ్మిది చెరిపేసేదాన్ని. మిగిలిన ఒక్కటీ మసకే.

స్టేషన్ నుంచి మా వీధికి వచ్చే దారిలో ఉండేది కాకా స్టూడియో. ఒకప్పుడు ఆయన ఖాళీ ఎప్పుడో అడిగి పెళ్ళి ముహూర్తం పెట్టుకునేవారట. నేను వెళ్ళేనాటికి అక్కడ పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, లామినేషన్, వెనక వెలిసిపోయిన నీలం తెర ఉన్నాయి. కర్ణాటక దిక్కు నుంచి వచ్చినవాళ్ళను కన్నడంలో, ముసలి సాయబులను ఉర్దూలో నవ్వించి స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కాకా అనే పిలిచేవారు. ఫొటోలు మసకగా ఎందుకొస్తున్నాయని అడిగితే, నా కెమెరా తీసుకుని వంద ఫొటోలు వరసగా, ఓపికగా చూశాడు.

“మస్తు తీసినవు బిడ్డా. ఏమన్న సూసినవా?” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. దానికంటే ఎక్కువ సిగ్గేసింది.

“ఒక వారం కెమెరా ముట్టకు. ఏడికి పోయినా నీ చెయ్యి ముంగట పెట్టి సూడు. వెల్తురు ఏ దిక్కుకెళ్ళి వస్తున్నది, నీడ ఏడ పడుతున్నది. చేతిల తెలిస్తే ముఖంల తెలుస్తది” అన్నాడు.

వారం రోజులు బడి వరండాలో, కూరగాయల అంగట్లో, ఆటోలో అరచెయ్యి తిప్పి చూసుకుంటూ తిరిగాను. మూడో రోజు ఆటోలో పక్కన కూర్చున్న పెద్దమ్మ తన చెయ్యి కూడా చాపింది. “పంతులమ్మా, నాది గూడ జర సూడు. కొడుకుకు పిల్ల దొరుకుతదా?” ఈ సంగతి చెబితే కాకా కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “దొరుకుతది అనకపోయినవా! ఆమె ముఖం ఎంత ఎలుగుతుండె! గప్పుడు తియ్యాలె ఫొటో.”

ఆ తర్వాత ఆదివారాలు మొదలయ్యాయి. నా స్కూటీ వెనక కూర్చుని, “మెల్లగ పోనియ్యి, మనకేం బస్సు తప్పిపోతలేదు” అంటూ వచ్చేవాడు. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీదికి, అనంతగిరి దిక్కుకు, ఒక్కోసారి కొడంగల్ సంతకు పోయేవాళ్ళం. చెట్లూ నీళ్ళూ ఎట్లాగో తీసేదాన్ని. మనుషులంటేనే నా చేతులు వణికేవి. వాళ్ళను నిలబెట్టి, మీటలు తిప్పుతూ, ఒకటి తక్కువై ఒకటి ఎక్కువై నేను తంటాలు పడుతుంటే వాళ్ళకు విసుగొచ్చేది. ఆ విసుగు చూసి నాకు ఇంకా వణుకు వచ్చేది.

దానికి కాకా ఒక ఉపాయం కనిపెట్టాడు. “మొదలు నేను నిలబడత. నా మీద సూసుకో. అంత కుదిరినంక వాళ్ళను పిలువు.” అప్పటి నుంచి ప్రతిచోటా ముందు ఆయనే. వల విసిరే మనిషి నిలబడాల్సిన చోట మోకాలి లోతు నీళ్ళలో, పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. జొన్నరొట్టెలు చేసే ఆమె పొయ్యి ముందు గొంతుక్కూర్చుని దగ్గాడు. చెయ్యి చాపి, వెల్తురు ఎటు నుంచి పడుతుందో నాకు చూపిస్తూ, కదలకుండా ఉండేవాడు. కాసేపటికి తల ఇటు తిప్పి, “అయిందా బిడ్డా?” అనేవాడు. అయింది కాకా అంటే గానీ పక్కకు జరిగేవాడు కాదు. నేను ఆ ట్రయల్ ఫొటో చెరిపేసి అసలు మనిషిని పిలిచేదాన్ని.

ఒకసారి నేను చెరిపేస్తుంటే చూశాడు. “నన్ను తుడిచేసినవా?”

“ట్రయలే గద కాకా. కార్డు నిండుతది.”

“తుడువు తుడువు. నేనేమన్న పెండ్లికొడుకునా” అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, నొచ్చుకోలేదు. ఆయన నొచ్చుకుని ఉంటే నాకు ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆయన చెప్పిన మాటల్లో రెండు నాకు కెమెరా బయట కూడా పనికొచ్చాయి. ఒకటి, “ఊపిరి పట్టుకోకు. ఇడువు. ఇడిచినంక నొక్కు.” ఇప్పుడు తాళం వేసేటప్పుడు కూడా అట్లాగే చేస్తున్నాను, రెండుసార్లతో సరిపోతోంది. ఇంకొకటి, “కెమెరా సూడంగనే అందరు ఫొటో ముఖం పెడతరు. అయిపోయిందనుకోంగ సొంత ముఖం వస్తది. జర ఆగి దాన్ని పట్టుకో.”

ఆయన నన్ను తిట్టింది ఒక్కసారే. తాండూరులో బండలు పాలిష్ చేసే చోటికి పోయాం, అక్కడ పనిచేసే ఒకామెను ఫొటో తీద్దామని. గాలంతా తెల్లటి పొడి. లెన్స్ మీద పేరుకుంటే కొంగుతో గట్టిగా తుడిచాను, ఇంట్లో అద్దం తుడిచినట్టు. కాకా ఎప్పటిలాగే బండల వరస ముందు నిలబడ్డాడు. ఫొటో నొక్కి చూస్తే అడ్డంగా తెల్లటి గీత. తీసుకుపోయి చూపించాను.

“కొంగుతోని రాసినవా? తాండూరుల గాలి గాలి గాదు బిడ్డా, సగం రాయే! మొదలు ఊదాలె, తర్వాత తుడవాలె. నెత్తిల తెలివి గింత లేకపోతే ఎట్ల?” పనివాళ్ళందరి ముందూ అరిచాడు. చిన్నపిల్లలా మొహం తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. కెమెరా బీరువా మీద పెట్టేశాను. అందులోని మెమరీ కార్డును పారేయడానికీ భయం, చూడటానికీ భయం. పొట్లం కట్టి ఎక్కడో దాచాను. మూడో వారం కాకాయే మా గడప ముందుకు వచ్చాడు, చేతిలో పసిపిల్లల ముక్కు శుభ్రం చేసే రబ్బరు బుడ్డితో. “ఇగో, మందుల దుకాణంల దొరికింది. దీనితోని ఊదు. ఇంగ కోపం సాలు” అన్నాడు. గీత పడ్డ లెన్స్‌ను కూడా ఆయనే మార్పించాడు.

ఇదీ కథ. ఆయన పోయిన రోజు ఆస్పత్రి నుంచి తాండూరు తీసుకొచ్చారు, వెళ్ళి చూసి వచ్చాను. మరునాటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. మూడు కార్డులు, లాప్‌టాప్, ఫోన్. వల మనిషి ఉన్నాడు, రొట్టెల ఆమె ఉంది, మేకలైతే మంద ఉంది. కాకా ఎక్కడా లేడు. ఒక ఫొటో అంచున ఆయన చెప్పు కనిపించింది, దాన్ని చూసి ఏడ్చాను. ఇంట్లోవాళ్ళ దగ్గర ఉన్నవి రెండే. ఒకటి పెళ్ళినాటిది, అందులో ఆయన ఎవరో మాకెవరికీ తెలియని నూనూగు మీసాల కుర్రాడు. రెండోది ఆధార్ కార్డు మీదిది. దాన్ని చూసి “దొంగ దొరికినట్టున్న గదనే” అని ఆయనే అనేవాడు. ఊరందరి గోడల మీదా ఆయన తీసిన ముఖాలున్నాయి, ఆయన గోడకు పెట్టడానికి ఆయన ముఖం లేదు.

రోజూ మధ్యాహ్నం బడి విరామంలో కూతురు ఫోన్ చేసేది. “దొరికిందా అక్కా?”

“సూస్తున్న చెల్లే. ఫికర్ పడకు.”

నాలుగో రోజుకు ఆ పేరు ఫోన్ మీద కనబడితే చివరి రింగు దాకా ఎత్తేదాన్ని కాదు. అబద్ధం ఆడుతున్నానని ఒక భయం, నిజం చెబితే నా మొహం చూడదేమోనని ఇంకో భయం. ఒక రోజు ఎత్తనే లేదు.

ఎనిమిదో రోజు పొద్దున అన్నంలోకి పప్పు కొలుస్తుంటే గ్లాసు డబ్బా అడుగున దేనికో తగిలింది. అడుగు కనిపించేదాకా కందిపప్పు అయిపోనిచ్చే ఇల్లాలిని కాను నేను, అదీ భయమే. ఆ వారం బజారుకు పోయే మనసు లేక డబ్బా ఖాళీ అయింది. అడుగున ప్లాస్టిక్ పొట్లం ఉంది, తిట్లు తిన్న రోజు దాచి పూర్తిగా మరిచిపోయిన కార్డు. విప్పాను. ఊపిరి విడిచి, కార్డు కెమెరాలో పెట్టాను.

బండల వరస ముందు కాకా. చెయ్యి చాపి, తల నా వైపు తిప్పి, పెదవులు కొద్దిగా విచ్చి, ‘అయిందా’ అంటున్నాడు. ఎడమ భుజం మీదుగా చెవి దాకా తెల్లటి గీత. ఆ రోజు తిట్ల మధ్య చెరపడం మరిచిపోయాను.

ఆ సాయంత్రమే రైలెక్కి వికారాబాద్ పోయాను. కాకా ఒకప్పుడు తన రీళ్ళు కడిగించుకునే ల్యాబ్ అక్కడే ఉంది. అంత పట్టింపు మనిషికి ఇంత మచ్చున్న ఫొటోనా అని దారంతా గుంజాటన. ల్యాబ్ ఆయన చాలాసేపు చూశాడు. “గిన్నేండ్లు ఆయన రీళ్ళు కడిగిన. ఆయన ముఖం ఫొటోల సూసుడు ఇదే మొదలు” అన్నాడు. “గీత తీసేస్త మేడమ్, రెండు నిమిషాల పని.”

“వద్దన్నా. అది నేను జేసిన గీత. ఉండనియ్యి” అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది, ఆ మాట అనడానికి భయం వేయలేదు.

పదో దినం నాడు ఫ్రేము కాకా భార్య చేతిలో పెట్టాను. ఆమెను చిన్నమ్మా అంటాను. అద్దం మీద దుమ్ము పడిందని కొంగుతో తుడవబోయింది, “ఊదు చిన్నమ్మా” అని నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. ఆమె నిజంగానే ఊదింది. తర్వాత దగ్గరగా పట్టుకుని చూసింది.

“అయిందా అంటుండు గదనే?” అంది. “నా పని అయ్యేదాంక అన్నం ముంగట గూసోని గిట్లనే అడుగుతుండె. ఒక్కనాడు ముందుగాల తినలే.”

భోజనాలయ్యాక కూతురు, “అక్కా, నాన్న ఫ్రేము నడుమ పెట్టి అందరం ఒక ఫొటో దిగుతం” అంది. శామియానా కింద కుర్చీలు వరసగా వేసి, నడిమి కుర్చీలో ఫ్రేము పెట్టారు. అందరూ చేతులు కడుక్కోవడానికి పోయారు. నేను కెమెరా తీసి, చెయ్యి చాపి చూసుకున్నాను. వెల్తురు ఎడమ పక్క నుంచి వస్తోంది. అలవాటుగా ముందుకు చూశాను, నిలబడటానికి ఎవరున్నారా అని. కుర్చీలన్నీ ఖాళీ, నడుమ కాకా ఒక్కడే ఉన్నాడు. ఊపిరి విడిచి నొక్కాను.

కెమెరా వెనక చూసుకుంటుంటే నా బొటనవేలు చెరిపే మీట మీదికి దానంతట అదే పోయింది. వెనక నుంచి కూతురు అడిగింది, “కూసోవచ్చా అక్కా?”

“రాండ్రి, అంత కుదిరింది” అన్నాను.

అందరూ వచ్చి కూర్చున్నారు. ఆ ఫొటోలు బాగానే వచ్చాయి. కార్డు నిండిందని కెమెరా చెబితే ఇంకొకటి కొనుక్కున్నాను. ట్రయల్ ఫొటో చెరపలేదు, పాత కార్డులోనే ఉంది. రెండు పక్కలా ఖాళీ కుర్చీలు, నడుమ దండ కింద చెయ్యి చాపిన కాకా. నేను అయింది అంటే గానీ జరగడు. నేనింకా అనలేదు.