బంతి గరుకు వైపు

ఈ మాట ఏళ్ల తరబడి నాలోనే దాచుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. ఇది చదివే నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వెవరో నాకు తెలియదు, నువ్వు నా ముఖం చూడవు. ఇంతకు మించిన ధైర్యం నాకు లేదు.

ఇనుప ఖనిజం గనులు జోరు మీదున్న రోజులవి. బళ్ళారిలో ఏది ముట్టుకున్నా ఎర్రధూళే. మా జట్టులో నేను స్వింగ్ బౌలర్ని. వీరేశ్ మంచి బ్యాట్స్‌మన్, బంతిని మెరిపించే పనీ వాడిదే. దగ్గర్లోని కంప్లి ఊరి రైతుల ఇంటివాడు, వాళ్ళకు గనుల్లో లారీలుండేవి. బంతి ఒక వైపును ప్యాంటుకు రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు. రెండో వైపుకు చెమట చుక్క తగలనిచ్చేవాడు కాదు. నున్నటి వైపు గాలి బంతిని తొందరగా వదిలేస్తుంది, గరుకు వైపు ఇంకాస్త దూరం అంటిపెట్టుకుని పోతుంది, కుట్టు కొంచెం వాల్చి వేస్తే బంతి ఆ గరుకు వైపుకే తిరుగుతుంది. ఆ గరుకు ఆటలో దానంతటదే రావాలి. మనం గీకి తేకూడదు. ఇదంతా నాకు తెలియదా? బాగా తెలుసు.

జిల్లా జట్టు ఎంపికకు ముందు ఆఖరి మ్యాచ్. వీరేశ్‌కూ నాకూ ఇద్దరికీ అవకాశం ఉంది. ఆ రోజు బంతి ఎంతకీ తిరగలేదు. బౌండరీ పక్క రోడ్డు మీద లారీల నుంచి రాలిన ఖనిజం రాళ్ళు పడి ఉంటే, ఒక ముక్క తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత ఏం చేశానో నువ్వే ఊహించగలవు. బంతి తిరిగింది. వికెట్లు పడ్డాయి. నా సంబరం చూడాలి!

అంపైర్ బంతిని చేతిలోకి తీసుకున్నాడు. తోలు మీద లోతు గీతలు, వాటి నిండా ఖనిజం పొడి. "ఎవరప్పా ఈ పని చేసింది?" అన్నాడు.

"వీరేశ్ చేతులు చూడండి సార్. పొద్దున లారీ కాడ్నుంచి నేరుగా వచ్చినాడు" అన్నాను నేను.

గోళ్ళ నిండా ఎర్రధూళి ఉంది పాపం. అంతే, ఎంపికలో వాడి పేరు పోయింది. నా పేరు ఉండిపోయింది. తర్వాత నాకొచ్చిన ఉద్యోగం కూడా ఆ ఆట పుణ్యమే.

ఆ మ్యాచ్ రోజు సాయంత్రం వీరేశ్ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఏమన్నాడో తెలుసా? "నా చేతుల దుమ్మే అంటింటాదిలేప్పా. బాగా కడుక్కోని వచ్చింటే ఇంత రచ్చ అయ్యేది కాదు. నువ్వేం బేజార్ చేసుకోవద్దు."

"పోనీలేప్పా, ఇంగ మర్చిపో" అన్నాను. నేను వాణ్ణి క్షమించాను! ఛీ, ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి.

దుమ్ము అంటితే తోలు మీద అంత లోతు గీతలు పడతాయా? బంతిని రోజూ ఒళ్ళో పెట్టుకుని రుద్దినవాడికి ఆ సంగతి తెలియదా? నిజంగానే తన తప్పనుకున్నాడా, లేక అంతా తెలిసి నన్ను కాచాడా? రెండింట్లో ఏది నిజమైతే నాకు ఊరట? ఏదీ కాదు.

మొన్నామధ్య బళ్ళారి బజారులో కనిపించాడు, కూతురితో. "ఈయనతో ఆడినాను నేను. నా మురికి చేతులతో ఆట చెడగొట్టినా" అని నవ్వుతూ ఆ పిల్లకు చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ పిల్ల తండ్రి చేతులకేసి చూసింది.

వాడు ఆట చెడగొట్టలేదు. బంతిని గీకింది నేను. క్షమించమని అడిగే ముఖం లేదు, అడగను. అయినా రాసేశాను.