లచ్చి గుండెలో పురుగులు

మొన్న ఇచ్ఛాపూర్ దగ్గర బస్సులో ఎవరో వరసగా నాలుగైదుసార్లు గట్టిగా దగ్గారు. ఒక్కరూ తల తిప్పలేదు. నా పక్కనున్నావిడ వేరుశనక్కాయలు వలుచుకుంటూనే ఉంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. దగ్గంటే దేశమంతా హడలిపోయిన రోజుల్లో, ఇక్కడి మరమగ్గాల పేట ఉధ్నాలోని ఒక మూడంతస్తుల ఇంటిని గడగడలాడించింది ఒక కుక్క దగ్గు.

ఆ కుక్క పేరు లచ్చి. పెంచింది మా కాక, అంటే నాన్నకు స్వయానా తమ్ముడు. ఇక్కడివాళ్ల గుజరాతీలోనూ బాబాయిని కాకా అనే అంటారు కాబట్టి గల్లీ అంతటికీ ఆయన కాకే. ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య బతికినవాడు కావడంతో పక్కన కూర్చున్నవాళ్లతో కూడా అరిచే మాట్లాడేవాడు. నేను అదే పేటలో ఒక చిన్న ఆసుపత్రిలో పశువుల డాక్టర్ని. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి, చిన్నమ్మ ఊళ్లో చిక్కుకుపోయింది. పై అంతస్తు అద్దెగదిలో కాకా, లచ్చీ ఇద్దరే మిగిలారు. ఒకరోజు పొద్దున్నే ముఖానికి తువ్వాల చుట్టుకుని, లచ్చిని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. "బిడ్డా, జర చూడు. మెట్లెక్కితే దమ్మొస్తాంది. ఒక్కటే దగ్గుడు. దీనికి కరోనా గిట్ల వచ్చిందా ఏంది?" అన్నాడు. ఇంటి యజమానురాలు, అందరూ బా అని పిలిచే పెద్దావిడ, ఆదివారంలోగా కుక్కను బయట వదిలెయ్యాలని, లేదంటే ఇద్దరూ వెళ్లిపోవాలని చెప్పేసిందట.

మామూలు దగ్గే అనుకుంటూ లచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను. గుండె చప్పుడులో ఏదో బుసబుస. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఒక్క చుక్క రక్తం తీసి, గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాల గుంపు ఒకచోట కదిలింది. ఎవరో సంతలో జనాన్ని తోసుకుంటూ పోతున్నట్టు వాటి మధ్యనుంచి సన్నటి పిల్లపురుగు ఒకటి మెలికలు తిరుగుతూ వచ్చింది. వెనకే ఇంకొకటి. ఆ పక్కన మరో రెండు! చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మగా చూడటమే తప్ప ప్రాణంతో చూడటం అదే మొదటిసారి. కుర్చీలోంచి లేచి "దొరికింది!" అని కేకేశాను. కాక ముఖం తెల్లబోయింది. "చచ్చిపోతదా?" అన్నాడు. నా సంబరానికి నాకే సిగ్గేసింది.

ఆయన్నీ చూడమన్నాను. మాస్కు ఆవిరికి మసకబారిన కళ్లద్దాలు తీసి, చాలాసేపు ఒంటికన్ను పెట్టి చూశాడు. "అరె, తెగిన దారప్పోగు లెక్క కొట్టుకుంటానయి గదనే!" అన్నాడు. రక్తపరీక్ష కిట్టులో కూడా జబ్బు ఉందన్నట్టు రెండో గీత పడింది. దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగులు నెలల తరబడి పెరిగి గుండెలో, ఊపిరితిత్తుల నాళాల్లో సేమ్యాలా పేరుకుంటాయని ఆయనకు వివరించాను. వాటిని త్వరగా చంపే ఇంజెక్షన్ కోసం ఎంతమందికి ఫోన్ చేసినా దొరకలేదు. మిగిలింది నిదానమైన దారి. మొదట నెలరోజులు యాంటీబయాటిక్ మాత్రలు, వాటితోపాటు నెలకోసారి పురుగుల మందు. అన్నిటికన్నా ముఖ్యం విశ్రాంతి. లచ్చి పరుగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. చచ్చిన పురుగు ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

నేనే వెళ్లి మెట్ల దగ్గర దూరంగా నిలబడి బాతో హిందీలో చెప్పాను, ఇది మనుషులకు దగ్గుతో అంటేది కాదు, దోమలతో వచ్చేదని. ఆవిడ "ఆ దోమ ఎవరింటిది?" అని అడిగింది. నేను డాబా మీది మూతలేని నీళ్లట్యాంకు వైపు చూశాను. మర్నాటికి ట్యాంకుకు మూతొచ్చింది. మెట్లెక్కే పని లేకుండా కాకకు కింది అంతస్తులో గది కూడా వచ్చింది.

ఆ తర్వాత ఊళ్లకు పోయే కూలీల కోసం రైళ్లు వేశారు. జాబితాలో కాక పేరూ వచ్చింది. ఫోన్‌లో చిన్నమ్మ ఏడ్చింది. నేను కూడా వెళ్లమనే చెప్పాను. "ఉరుకనియ్యొద్దంటివి, ఎగురనియ్యొద్దంటివి. నేను పోతే దీన్ని కూసోపెట్టేదెవరు?" అని రైలెక్కలేదు. మూడో నెలలో ఒకసారి లచ్చికి ఊపిరాడక నాలుక నీలంగా మారింది. రెండు రోజులు నేను ఇంజెక్షన్లిస్తుంటే, ఆయన దాని తల ఒళ్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. మూడో రోజు అది ఆయన చేతిలోంచి రొట్టెముక్క లాక్కుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మగ్గాలు మళ్లీ తిరిగాయి, చిన్నమ్మ వచ్చింది, కరోనా రెండో విడత కూడా వచ్చి పోయింది. ఏడాదిన్నర దాటాక మళ్లీ కిట్టు తీశాను. కాక, చిన్నమ్మ, బా, ముగ్గురూ బల్ల చుట్టూ మూగారు. పది నిమిషాలు చూశాం. ఒక్క గీతే! మళ్లీ రక్తపుచుక్క చూశాను. కణాలన్నీ కదలకుండా ఉన్నాయి. "ఇడువు కాకా, ఉరుకనియ్యి!" అన్నాను. తాడు విప్పగానే లచ్చి ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, చెవులు వెనక్కి వాల్చి గల్లీలో దూసుకుపోయింది. వెనక కాక, లుంగీ ఎగ్గట్టుకుని, "ఆగే లచ్చీ!" అని పేటంతా వినపడేలా అరుస్తూ. బా చప్పట్లు కొట్టింది.

నెలనెలా ఒక్కో మాత్రతో లెక్కపెట్టుకుంటూ ఎప్పటికీ గడవదనుకున్న ఆ కాలం, ఇప్పుడు తలచుకుంటే, ఒక కుక్క గల్లీ చివరిదాకా ఉరికి వచ్చినంతసేపే అనిపిస్తుంది.