ఎత్తిన కాలు దించే చరణం

నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది, అక్షరాలూ తప్పుతాయి. ఊరి బడి చదువు. మన్నించి, సరిచేసుకుని చదవండి. కృష్ణానగర్‌లో మా పక్క గదిలో ఉండే అక్క పోయినవారం కాలం చేసింది. ఆమె గురించి పత్రికకు నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

అక్క కోయ మనిషి. సినిమాల్లో గ్రూపు డాన్సులు చేసే కూతురి దగ్గరికి గోదావరి పక్క అడవి నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. నేను పాటల రికార్డింగులకు డోలక్ వాయించేవాణ్ణి. పొద్దున్నే వరండా ఊడుస్తూ ఆమె తన భాషలో ఒక చరణం పాడి ఆగేది. ఆగినప్పుడు ఒక కాలు నేల మీంచి కొంచెం లేచి ఉండేది. కాసేపు చూసి, తనే ఇంకో చరణం అని, కాలు దించి, మళ్ళీ చీపురు ఆడించేది.

ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "అట్ల ఆగుతవేందక్కా?"

"మా పాట ఒక్కరు పాడేది కాదు తమ్మీ. ఒకరు ఎత్తాలె, ఇంకొకరు జోడియ్యాలె. అదే సంగతి, వేరే మాటల్ల, అంతే బరువుల. కావడికి ఒక్కదిక్కే కుండ పెట్టి నడుస్తవా?"

నేను పదిమందిలో నోరు తెరవలేనివాణ్ణి. ఆమెకు తెలుసు. "నోరు లేకుంటే ఏంది, చేతులున్నయి కద," అంది. అప్పట్నుంచి ఆమె చరణం ఎత్తితే నేను గోడ మీద వేళ్ళతో జోడు ఇచ్చేవాణ్ణి.

తాళం లెక్కపెట్టి బతికినవాణ్ణి నేను. ఆ పాట నా లెక్కకు అందలేదు. అడుగే దానికి కొలత. కొండ ఎక్కే పాటకు ఒక నడక, దిగే పాటకు ఒక నడక. మొదటి చరణం ఎంతుంటే జోడు కూడా అంతే, వెంట్రుకవాసి తేడా రాదు. ఎక్కడా రాసిపెట్టింది కాదు. ఎన్ని తరాల కాళ్ళు నడిచి ఆ కొలత నిలిపాయో.

ఒకసారి ఫిలింనగర్‌లో ఏదో సినిమాకు అడవి పాట కావాలంటే కూతురు ఆమెను తీసుకొచ్చింది. ఆరోజు డోలక్ నాదే. అక్క మైకు ముందు ఒక చరణం పాడి, కాలెత్తి నిలబడింది. అద్దం అవతల అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఆపేశారేంటమ్మా?" అన్నాడు సంగీత దర్శకుడు.

"నేనేడ ఆపిన? ఇప్పుడు నీ వంతు."

అందరూ నవ్వారు. ఆమె పాడిందే యంత్రంలో మళ్ళీ వినిపించి, ఇదే జోడు అనుకోమన్నారు. అక్క చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేసింది. "నా మాటకు నేనే బదులిస్తే ఊళ్ళె పిచ్చిదంటరు బిడ్డా."

ఆయన మంచివాడు. లోపలికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, "అయితే నేర్పండమ్మా," అన్నాడు. చాలాసేపు తంటాలు పడ్డాడు. "గొంతు మంచిదే, కాలే కుంటుతది," అంది అక్క. ఆ పాట సినిమాలో ఉంచారో లేదో నాకు తెలియదు.

మంచం పట్టాక ఒక పొద్దున నేను చాయ్ తీసుకెళ్తే, పడుకున్నచోటే ఒక చరణం ఎత్తింది. నేనెప్పుడూ వినలేదు. మడమతో మంచం మీద కొడుతూ పాడి, కాలెత్తి ఆగింది. అర్థం తనే చెప్పింది. 'వెదురు పూసింది, నా గంప దించుతున్నా' అని. వెదురు ఒక్కసారే పూసి ఎండిపోతుందట.

"పోయేటోళ్ళు ఎత్తేది ఇది. ఉన్నోళ్ళు జోడిచ్చి పంపాలె."

దీనికి మాటలే కావాలి, నా వేళ్ళు చాలవు. కూతురు ఏడ్చింది. "నాకు స్టెప్పులే వచ్చు మామా, పాట రాదు."

"నువ్వే చెప్పరాదక్కా?" అన్నాను.

"ఊడ్చేటప్పుడంటే నేనే దించుకుంట. ఇది ఎత్తినోళ్ళు దించుకోవద్దు. తోచింది పెట్టకుండ్రి, పెద్దలు పెట్టిన జోడు ఉన్నది." కాలు అలాగే ఉంచింది. చివరికి కూతురే మెల్లగా పట్టుకుని దించింది.

ఊరికి ఫోన్ చేశాం. తెలిసిన ముసలమ్మలెవరూ మిగల్లేదన్నారు. అక్కను పాట లేకుండానే పంపాం.

మీలో గోదావరి పక్క కోయవాళ్ళెవరైనా ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కమాట అడగండి. కొలత ఇది: మూడు పొట్టి అడుగులు, ఒక పొడుగు, రెండు పొట్టి, ఆపైన కాలెత్తడం. జోడు తెలిస్తే కూతురు నేర్చుకుంటానంది. నేనూ ఈసారి నోటితోనే అంటాను.

పొద్దున తలుపు తీస్తే వరండాలో అక్క చీపురు పట్టుకుని నిలబడినట్టే ఉంటుంది, ఒక కాలు నేలకు కొంచెం పైన. ఎంతసేపని నిలబడుతుంది. తొందరగా జవాబు రాయండి.