శాలువా కింద మూత్రం డబ్బా

జనగామ దవాఖానలో పొట్ట పట్టుకుని కూర్చున్నా వెన్ను వంచలేదు. మా దొరల గడీ కూలిపోయి పత్తి చేనయింది గానీ, మా ఇంటి మగవాళ్లు నలుగురిలో వంగరు. నొప్పి పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడుస్తోంది. ముందుకు వంగితే తగ్గుతుందని ఒళ్లు చెబుతూనే ఉంది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు.

"క్లోమం వాచిందేమోనని అనుమానం. అదే అయితే ఇక్కడ ఉంచద్దు, వరంగల్ పంపాలె. రక్తం పరీక్ష ఇక్కడ కాదు, రిపోర్టు సాయంత్రం వస్తది. మూత్రంల పట్టీ ముంచితే ఇప్పుడే తెలుస్తది."

"రక్తమే తీయండి. ఎంత కావాలన్నా తీయండి," అన్నాను.

మా ఇంట్లో రక్తానికున్న గౌరవం వేరు. సంబంధాలు కలుపుకున్నా తెంచుకున్నా దాని పేరు మీదే. మూత్రం గురించి మా పెద్దలు ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

నర్సు రక్తం తీసి, ప్లాస్టిక్ డబ్బా కూడా చేతిలో పెట్టింది. మరుగుదొడ్డి వరండాకు ఆ చివర, ల్యాబు ఈ చివర. మధ్య బెంచీల నిండా మా ఊరివాళ్లు. నేను కదల్లేదు.

"సాయంత్రం దాకా రక్తం ఉంటది. మీరుంటరా?" అన్నది నా భార్య.

లేచాను. మా ఇంటి నుంచి ఏది బయటికి పోయినా బట్ట కప్పుకునే పోవాలి, నైవేద్యమైనా, వియ్యాలవారికి పంపే సారె అయినా. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా మీద నా పట్టు శాలువా కప్పి, రెండు చేతులా పట్టుకుని, తలెత్తి నడిచాను. బెంచీ మీది ముసలవ్వ ఒకతె లేచి దండం పెట్టింది. ఆమెను చూసి పక్కవాళ్లూ లేచారు.

"ఏ గుడి ప్రసాదం దొరా? ఒక్కలే తింటరా? మాకు సుత జర పెట్టుండ్రి."

"ఇది ల్యాబుల ఇచ్చేది అవ్వా."

"గంతేలే. సర్కారు నౌకర్లు చేసెటోళ్లకైతే పెడ్తరు," అని కూర్చుంది.

కాసేపట్లోనే పట్టీ మీద రెండు గీతలు తేలాయి. "క్లోమమే. ఇగ రక్తం కోసం ఆగద్దు," అని డాక్టరు సెలైన్ పెట్టించి అంబులెన్సు ఎక్కించాడు.

రక్తం రిపోర్టు వరంగల్‌లో మంచం మీద ఉండగా ఫోనుకు వచ్చింది. అదీ క్లోమమే అన్నది. మా వంశ రక్తం అబద్ధమాడదు. అంతా తేలిపోయాక చెబుతుంది, అంతే. అప్పటికి నేను ముందుకు వంగే కూర్చున్నాను.

"శాలువా ఉతకాల్నా, పారెయ్యాల్నా?" అని అడిగింది నా భార్య.

"ఉతికి దాచు. దాన్ని చూసి జనం లేచి నిలబడ్డరు. మమ్మల్ని చూసి లేవక చానా ఏండ్లయింది."