మరచెంబులో నీళ్ళు

మొన్న సాయంత్రం మా మనవరాలు నన్ను పట్టేసింది. డాలస్ పక్కన కాపెల్‌లో మా అమ్మాయి ఇంటి వెనక సందు దాటితే, కొత్త ఇళ్ళ మధ్య ఇరుక్కుపోయిన పాత శ్మశానం ఒకటుంది. తెల్లవాళ్ళది, చిన్నది. దాని కంచె పక్కనే ఒక పసిబిడ్డ సమాధి రాయి. రాయి మీది అక్షరాలు చదవడం నాకు రాదు కానీ, వీళ్ళు పసిపిల్లల రాళ్ళ మీద చెక్కే గొర్రెపిల్ల బొమ్మ ఉంది కాబట్టి పసిబిడ్డదని తెలుస్తుంది. వాకింగ్ నుంచి వచ్చేటప్పుడు నా సీసాలో మిగిలిన నీళ్ళు దాని మీద పోసి వస్తాను. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. మొన్న వెంట వచ్చిన మనవరాలు చూసి, "అమ్మమ్మా, నేను బ్రష్ చేస్తూ టాప్ ఆఫ్ చేయకపోతే కేకలేస్తావు కదా. మరి ఇదేంటి? హూ ఈజ్ షీ? మనకి తెలుసా?" అంది. దాని తెలుగు దాని ఇష్టం వచ్చినట్టు నడుస్తుంది కానీ ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా మొక్కలకి పోయించే మనిషిని, అడగదూ మరి. ఇంటికెళ్ళాక చెబుతానన్నాను. చెప్పాలంటే ఒక పాడుబడిన ఊరి గురించి మొదలుపెట్టాలి.

ఎనభైల మొదట్లో మాట. మేమప్పటికే డాలస్‌లో ఉన్నాం. మా తమ్ముడు నెవాడాలో, మైళ్ళకొద్దీ చెట్టనేది కనిపించని చోట, ఒక రాగి గనిలో ఇంజనీరు. ఆ గని మూతపడింది. వాడికి హ్యూస్టన్‌లో ఉద్యోగం దొరికింది, సామాను లారీ వచ్చే రోజు కూడా ఖాయమైంది. అప్పుడు ఫోన్ చేశాడు. మామూలుగా దూరం ఫోనంటే క్షేమం అడిగి పెట్టేసే వాళ్ళం. ఆ రోజు వాడు పెట్టలేదు. "అక్కా, తను రానంటోంది. నువ్వొచ్చి చెబితే వింటుందేమో" అన్నాడు. తనంటే మా మరదలు. అంతకు ముందు ఏడాది ఆమెకి ఆడపిల్ల పుట్టి, నెల తిరక్కుండానే పోయింది. పసికందుల్ని మన వాళ్ళు కాల్చరు, మట్టికే ఇస్తారు. ఆ గని ఊరి శ్మశానంలో ఒక మూల ఆ పిల్లని పెట్టారు. ఆ మట్టిని వదిలి రానని ఆమె పట్టు. ఊరు ఊరంతా ఖాళీ అయిపోతోంది, ఉద్యోగం లేకుండా తమ్ముడు అక్కడ ఉండలేడు, ఆమెను వదిలి వెళ్ళలేడు.

నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. మంచి మాటలు ఏర్చి కూర్చి ఓదార్చడం నాకు రాదు. సర్దడం వచ్చు. వెళ్ళిన మర్నాటి నుంచే అట్టపెట్టెలు ముందేసుకుని కూర్చున్నాను. తమాషా ఏమిటంటే, పొద్దున నేను పెట్టెలో పెట్టిన గిన్నెలు సాయంత్రానికి మళ్ళీ అల్మరాలో బోర్లించి ఉండేవి. గొడవా ఉండదు, ఏడుపూ ఉండదు. నాకు టీ ఇచ్చి, తను శ్మశానం దాకా నడిచి వెళ్ళి వచ్చి, పెట్టెలు విప్పేది. చివరికి నేనే ఉండబట్టలేక, "లారీ వస్తుందే అమ్మాయ్" అన్నాను. "రానివ్వండి వదినా. మీరూ మీ తమ్ముడూ ఎక్కండి" అంది, అన్నం వడ్డించినంత మామూలుగా.

ఆ ఆదివారం ఇంట్లో ఊపిరాడక కాబోలు, తమ్ముడు పాడుబడిన ఊరొకటి చూపిస్తానని ఇద్దర్నీ కారెక్కించాడు. ఎడారి దారి కదా అని నేను మరచెంబు నిండా నీళ్ళు పట్టాను. అది మా అమ్మది, ఇత్తడిది. మూత బిగిస్తే చుక్క కారదు. దారిలో ఎవరు దాహమన్నా మూతలో కొలిచి ఇచ్చాను. "అక్కా, ఇదేమైనా తీర్థమా" అని తమ్ముడు వెక్కిరించాడు. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వచ్చాక ఆమె నవ్వగా చూసింది అప్పుడే. దాంతో వాడికి హుషారొచ్చి ఆ ఊరి కథ ఎత్తుకున్నాడు. పూర్వం అక్కడ వెండి దొరికేదట. వెండి అయిపోగానే జనం తలుపులూ చెక్కలూ కూడా ఊడదీసుకుని బళ్ళ మీద వెళ్ళిపోయారట. "ఒక్క ఆడమనిషి మాత్రం కదల్లేదట. ఒక్కతే ఉండిపోయిందట. ఇప్పటికీ రాత్రిపూట గుట్ట మీద ఆమె దీపం కనిపిస్తుందంటారు. ఎందుకంటే..." అంటూ ఆగిపోయాడు. కథ ఎటు పోతుందో వాడికప్పుడు గుర్తొచ్చింది. గేర్ మార్చాడు, అద్దం సరిచేశాడు, మార్చినవే మళ్ళీ మార్చాడు. "ఆపారేం? ఎందుకట?" అంది మరదలు. వాడిని నెత్తిన మొట్టాలనిపించింది కానీ డ్రైవ్ చేస్తున్నాడు.

ఊరంటే ఊరేం కాదు. సగం గోడలు, తుప్పు పట్టిన పొయ్యి ఒకటి, గాలి వచ్చినప్పుడల్లా టపటపలాడే రేకు. కాలి కింద ఎండు తుప్పలు నలిగితే కర్పూరానికీ వాముకీ మధ్య వాసనేదో వచ్చింది. చెక్కలు ఊడదీసుకుపోయారంటే నాకా మనుషుల మీద గౌరవం కలిగింది. ఆ చెట్టూ చేమా లేని చోట చెక్క ఎవరు వదులుకుంటారు? ఎవరూ పట్టుకెళ్ళనివి గుట్ట మీద ఉన్నాయి, సమాధులు. మరదలు మా కోసం ఆగకుండా అటే నడిచింది. కథలో మిగిలిన సగం ఆమె అప్పటికే పోల్చుకుందని నాకు అర్థమైంది.

అక్కడ పెద్ద వయసు తెల్లావిడ ఒకామె, మగవాళ్ళ టోపీ పెట్టుకుని, ఒక చిన్న రాయి మీద ఫ్లాస్కులోంచి నీళ్ళు పోస్తోంది. మరదలు ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడి నాకు చెప్పింది. ఆ ఊళ్ళో ఉండిపోయిన మనిషి పాప సమాధి అదేనట. బావి ఎండిపోయాక కూడా ఆ తల్లి ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు మోసుకొచ్చి రోజూ దీని మీద పోసేదట. ఆమె పోయాక, ఆ దారిన వెళ్ళేవాళ్ళు పోస్తున్నారట. పోయకుండా వెళితే బండి మధ్యదారిలో ఆగిపోతుందట. ఎడారిలో జనం నీళ్ళు లేకుండా బయల్దేరకూడదని ఏ పెద్దవాళ్ళో పుట్టించిన మాట అయి ఉంటుందని నేను మనసులో అనుకున్నాను.

"ఈ పాప ఆమెకి ఏమవుతుందో అడుగు" అన్నాను.

మరదలు అడిగింది. తెల్లావిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ, భుజాలు ఎగరేసి ఏదో అంది. మరదలు వంగి ఆ రాయిని తాకింది. తర్వాత, "ఏమీ కాదట వదినా. దారిలో ఉందట, అంతే" అంది.

నేను మరచెంబు మూత తీసి మరదలి చేతికిచ్చాను. కొంచెం వంచి, ఆగి, నా మొహం చూసింది. పొద్దున్నుంచీ మూతల లెక్కన పోసిన దాన్ని కదా, నా అనుమతి కావాలి. "పోసెయ్" అన్నాను. చెంబంతా వంచేసింది. రాయి నల్లబడి, మేం చూస్తుండగానే మళ్ళీ తెల్లబడింది. దారికి చుక్క మిగల్లేదు. తమ్ముడు కార్ దగ్గర్నుంచి చూస్తూ నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

తిరుగు దారిలో నాలుక పిడచకట్టుకుపోయింది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. చాలా దూరం వచ్చాక వెనక సీట్లోంచి మరదలు, "వదినా, మేం వెళ్ళిపోయాక మా పాపకి కూడా ఎవరైనా పోస్తారంటారా?" అంది. పోస్తారని చెబితే ఊరట పడేదే. నాకు తెలియనిది చెప్పడం నాకు చేతకాదు.

"నాకెలా తెలుస్తుందే. పోస్తారో, పోయరో. ఇవాళ నువ్వు పోశావు కదా, ఆ పిల్ల నీకేమవుతుందని పోశావు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. మరీ కటువుగా అన్నానేమోనని ఇంటికి చేరేదాకా నాలో నేనే తర్జనభర్జన పడ్డాను. ఆ రాత్రి నేను గిన్నెలు పెట్టెలో పడేస్తుంటే వెనక నుంచి వచ్చి, "అలా ఊరికే పెడితే గీతలు పడతాయి వదినా, పేపర్లో చుట్టాలి" అని పక్కన కూర్చుని, పాత పేపర్లు చింపడం మొదలుపెట్టింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు అది చూసి, వెళ్ళి టేపు తెచ్చాడు. పెట్టెలు మళ్ళీ ఎవరూ విప్పలేదు.

లారీ వెళ్ళాక ముగ్గురం ఆ గని ఊరి శ్మశానంలో ఆగాం. మరచెంబు ఆమే పట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ అటు వెళ్ళే వీలు వాళ్ళకి కలగలేదు. తర్వాత పుట్టిన పిల్లలు పెద్దయ్యారు, మరదలి జుట్టు నా కంటే ముందే నెరిసింది. ఆ గని ఊరు కూడా ఇప్పుడు పాడుబడిపోయిందని తమ్ముడు చెప్పాడు. అక్కడ ఎవరైనా ఆగుతారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా మనవరాలికి చెబుదామనే కూర్చోబెట్టాను. నేను నోరు తెరిచేలోగా అది పాలు తాగుతూ, "సో, ఆ బేబీ మనకేమవుతుంది అమ్మమ్మా?" అని మళ్ళీ మొదటికొచ్చింది. "ఏమీ కాదు. దారిలో ఉంది, అంతే" అన్నాను. నిన్న సాయంత్రం కంచె దగ్గరికి రాగానే, అడక్కుండానే నా చేతిలోని సీసా తీసుకుంది. ఎప్పుడో ఎవరో తల్లి మోసుకొచ్చిన నీళ్ళు ఎడారి దాటి దీని చేతి దాకా వచ్చాయి. కాలం ఇన్ని ఊళ్ళను ఖాళీ చేసుకుంటూ వస్తూ, ఈ కాసిని నీళ్ళను మాత్రం ఎందుకు మోసుకొస్తుందో నాకు తెలియదు.