పెద్దావిడ టేపు

ఇరుగుపొరుగు ఆమెను చిన్నావిడ అంటారు. వీడియో మెకానిక్‌కు రెండో భార్య కాబట్టి ఆ పిలుపు. పోయిన మొదటి భార్య పెద్దావిడ. ఆ పెద్దావిడ ముప్పై నిండకుండానే పోయింది. చిన్నావిడకు చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. అద్దం ముందు నిలబడినప్పుడల్లా ఆ పిలుపు గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండుతుంది.

పెద్దావిడ ఆ ఇంట్లో ఇంకా ఉంది, ఒక వీడియో టేపులో. మేడమీద దుప్పట్లు ఆరేస్తూ, కెమెరా పట్టుకున్న మొగుడిని చూసి "చాల్లెండి, ఇక కట్టెయ్యండి" అని నవ్వుతుంది. ఆవిడ కూతురు సెలవు రోజుల్లో ఆ టేపే పెట్టించుకుంటుంది. తండ్రి చూస్తాడు. ఆయన చూడడాన్ని చిన్నావిడ తలుపు వార నిలబడి చూస్తుంది. తను దుప్పట్లు ఆరేస్తుంటే ఆ మనిషి ఏనాడూ తలెత్తిన పాపాన పోలేదు.

అందరి ప్లేయర్లూ బాగుచేసే ఆయనకు సొంత ప్లేయరు విప్పే తీరిక లేదు. అది కొన్నాళ్ళుగా టేపులు నములుతోంది.

"లోపల రబ్బరు చక్రం అరిగింది. టేపును లాగుతోంది గాని చుట్టుకోవడం లేదు. నేను మార్చేదాకా అందులో ఏదీ పెట్టకండి" అన్నాడు.

ఆ మాట చిన్నావిడ మనసులో వేరేగా నాటుకుంది.

ఒక మధ్యాహ్నం, మొగుడు కొట్లోనూ పిల్ల బళ్ళోనూ ఉండగా, పెద్దావిడ టేపు తీసి ప్లేయర్లో పెట్టింది. ఒక్కసారి చూద్దామనే, అని తనకు తానే చెప్పుకుంది. తనే నమ్మలేదు.

మేడ వచ్చింది. దుప్పట్లు వచ్చాయి. నవ్వు వచ్చింది. అంతలో ప్లేయరు కీచుమంది. నవ్వు సాగి, వంకరపోయి, తెరంతా ఇసుక చల్లినట్టయింది.

కోరుకున్నదే జరిగింది. కానీ సాయంత్రం పిల్ల వచ్చి "పిన్నీ, అమ్మ టేపేది?" అంటే?

కరెంటు తీసి, స్క్రూలు విప్పి మూత ఎత్తింది. టేపు పేగుల్లా బయటపడి చిక్కుకుని ఉంది. ఒక్క గుంజు చాలు, మెషీనే తినేసిందంటే కాదనేవాళ్ళు లేరు. వేలు వేసింది కూడా. మళ్ళీ తీసేసింది. క్యారియరు పట్టుకెళ్ళినప్పుడు కొట్లో మొగుడు చేస్తుంటే చూసినట్టే, మోటారు పక్క చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పింది. టేపు వదులైంది. క్యాసెట్టు బయటికి తీసి, వేలాడుతున్నదంతా లోపలికి చుట్టింది.

మొగుడు వచ్చేసరికి ప్లేయరు మూత తెరిచే ఉంది.

"ఏ టేపు పెట్టావు?"

"ఆవిడదే."

"పెట్టొద్దన్నాను కదా."

"అన్నారనే పెట్టాను."

ఆయన నలిగిన చోటును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "మరి గుంజలేదేం?"

"పిల్ల అడుగుతుంది."

"అంటే నాకోసం కాదన్నమాట."

"మీకోసమైతే ఎప్పుడో తెంపేదాన్ని."

ఆయన కొట్టుకు వెళ్ళి కొత్త రబ్బరు చక్రం తెచ్చి, ఆ పూటే బిగించాడు.

పిల్ల టేపు పెట్టింది. "అమ్మ ముఖం మీద గీత పడింది, పిన్నీ."

"నేనే పెట్టాను. మెషీను నలిపేసింది."

"నువ్వూ చూస్తావా అమ్మని? చెప్తే ఇద్దరం చూసేవాళ్ళం కదా." పిల్ల జరిగి చాప మీద చోటిచ్చింది.

చిన్నావిడ కూర్చుంది. గీత నుదుటి నుంచి గడ్డం దాకా జారి పోయింది. నవ్వు ఎక్కడిదక్కడే ఉంది.

"దుప్పట్లు ఒక్కటీ సరిగ్గా పిండలేదు, ఎలా కారుతున్నాయో చూడు" అంది చిన్నావిడ.

మొగుడు తెర మీంచి తల తిప్పి ఆమెను చూశాడు. చిన్నావిడ అది గమనించలేదు. తెర మీద పెద్దావిడ ఇంకో దుప్పటి ఆరేస్తోంది, అదీ నీళ్ళు కారుతూనే.